ఇజాల్తీనా నింపిన గొట్టాలు

మిట్ట మీది ఫావా చెట్ల కాయలో మందు సత్తువ ఉందో లేదో తేల్చడానికి, దాన్ని కొనే కంపెనీ వాళ్ళకి ఒక గది నిండా యంత్రాలు కావాలి. ఇజాల్తీనాకి బొటనవేలు చాలు. కాయ నడుముకి వేలు ఆనించి ఒక్క విరుపు విరుస్తుంది. టప్పున విరిగిందా, పచ్చిది, సంచిలో పడుతుంది. మెత్తగా వంగి తీపి వాసన కొట్టిందా, పండిపోయింది, అందులోంచి మందు సరుకు దిగిపోయింది, దాన్ని మిట్ట మీది జంతువులకి వదిలేస్తుంది. ముప్పై ఏళ్ళుగా ఆవిడ మూతి కట్టిన సంచిని కంపెనీ వాళ్ళు విప్పి చూడటం మానేశారు. ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పుకోదు. తమంద్వా ఊరంతా చెబుతూనే ఉంటుంది కాబట్టి ఆవిడకి నోరు నొప్పి తప్పింది.

అంత గట్టి చేతికీ లొంగనివాడు ఒక్కడున్నాడు. మొగుడు.

ఒరొజీంబోకి అరవై ఆరు. నాలుగావులు, ఒక గుర్రం, నూట తొంభై బీపీ ఉన్న మనిషి. ఇజాల్తీనా చెల్లెలి కూతురు ఎద్వానియా ఆ చుట్టుపక్కల ఆరోగ్య కార్యకర్త. నెలకోసారి మోటారుసైకిలు మీద దుమ్ము రేపుకుంటూ వచ్చి, ఆయన జబ్బకి పట్టీ చుట్టి, అంకె చూసి నెత్తి కొట్టుకునేది.

"పెదనాన్నా, ఈ అంకెతో నువ్వింకా పాలు పితుకుతున్నావంటే దేవుడు నిన్ను మర్చిపోయాడనే."

"మర్చిపోనీ. గుర్తుచేసే బిళ్ళలు నాకెందుకు?"

బిళ్ళలంటే ఆయనకి అంత కోపం ఎందుకంటే, వాళ్ళన్న బీపీ బిళ్ళ మొదలుపెట్టిన నాలుగో రోజునే పోయాడు. పోయింది గుర్రం మీంచి పడి. ఆ గుర్రం అంతకుముందు ముగ్గుర్ని పడేసింది. అయినా సరే, బిళ్ళ వేసుకోకపోతే కళ్ళు తిరిగేవి కావు, కళ్ళు తిరక్కపోతే పడేవాడు కాదు అన్నది ఒరొజీంబో వాదన. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఎద్వానియా నెలనెలా ఇచ్చిపోయే అట్టలు గూట్లో పేరుకుపోయేవి. ఇజాల్తీనా బతిమాలింది, తిట్టింది, రెండు రోజులు వంట మానేసింది. ఆయన పెండలం పిండిలో బెల్లం కలుపుకు తిని, హాయిగా పడుకున్నాడు.

ఏప్రిల్లో కాయ కోత మొదలయ్యే ముందు కంపెనీ మనిషి క్లౌదెమీర్ వచ్చాడు. ఈసారి చేతిలో ఒక సీసా ఉంది. దాని మీద ఎర్రటి గుండె బొమ్మ. లోపల అరవై గొట్టం మాత్రలు.

"మీ కాయే ఇజాల్తీనమ్మా. ఫాక్టరీకి వెళ్ళి, సముద్రం దాటి, ఇలా తయారై తిరిగొచ్చింది. గుండెకి మంచిదట, రక్తనాళాలు పట్టు వదులుతాయట. మంచి కాయ ఏరేవాళ్ళకి బహుమతిగా ఇవ్వమన్నారు."

ఇజాల్తీనా కళ్ళజోడు పెట్టుకుని వెనకాల చీమల బారులా ఉన్న అక్షరాలు కూడా చదివింది. ఇది మందు కాదు, డాక్టరు రాసిన మందుకి బదులూ కాదు అని ఉంది. ఆ ముక్క ఆవిడ మనసులో ఉంచుకుంది. ఒరొజీంబో మాత్రం సీసా ఊపి చప్పుడు విన్నాడు.

"ఇది నువ్వు ఏరిన కాయేనా?"

"ఈ చుట్టుపక్కల పచ్చి కాయ ఇంకెవరు ఏరతారు?"

"అయితే పొద్దున్నే ఒకటి ఇలా పడెయ్. నువ్వు ఏరింది నన్ను చంపదు."

ఆ మాటకి ఇజాల్తీనాకి గర్వంతో మెడ నిటారుగా లేచింది. మర్నాటి నుంచి కాఫీతో పాటు ఒక గొట్టం ఆయన అరచేతిలో పెట్టడం మొదలుపెట్టింది. పదిహేను రోజుల తర్వాత ఎద్వానియా పట్టీ చుట్టింది. నూట ఎనభై నాలుగు. దిగింది, కాదనడానికి లేదు. కానీ ఆ దిగిన ఆరూ ఫావా పుణ్యమో, ఆవేళ వీచిన చల్లగాలి పుణ్యమో ఎవరు చెప్పగలరు? పైగా నూట ఎనభై నాలుగు అంకెతోనూ మనిషి పడిపోవచ్చు. ఇజాల్తీనాకి ఫావా మీద ప్రేమ ఉంది, గుడ్డి ప్రేమ లేదు.

ఆ ఆదివారం ఒరొజీంబో పేకాటకి వెళ్ళాక ఆవిడ తలుపు గడియ పెట్టింది. గూట్లో అట్టలన్నీ దించింది. సీసాలో మిగిలిన నలభై అయిదు గొట్టాలూ బల్ల మీద పోసింది. ఒక్కో గొట్టాన్నీ రెండు ముక్కలుగా లాగి, లోపలి పసుప్పచ్చ పొడిని పళ్ళెంలోకి దులిపింది. రోజుకో బిళ్ళ అని రాసుంది కదా, ఒక్కో బిళ్ళనీ విడిగా చెంచా వెనకతో మెత్తగా నూరి, ఒక్కో గొట్టంలోకి ఎక్కించి మూత బిగించింది. ప్రతి గొట్టంలోనూ అడుగున చిటికెడు ఫావా పొడి మాత్రం ఉంచేసింది. చెట్టుని పూర్తిగా మోసం చెయ్యడానికి మనసొప్పలేదు. మిగిలిన పొడిని పారబొయ్యలేక బీన్సు కూరలో కలిపేసింది. ఆ పూట కూర కాస్త చేదెక్కింది. గోళ్ళకి పట్టిన రంగు చూసి పసుపు నూరావా అని ఒరొజీంబో అడిగితే, అవునంది.

తప్పనిపించలేదా అంటే, అనిపించలేదు. మంకు పశువుకి మందు బెల్లం ముద్దలో పెట్టి తినిపించిన ఇంటి మనిషి ఆవిడ. పశువుకొక నీతీ మొగుడికొక నీతీ ఎందుకు?

మూడు వారాలు గడిచాయి. ఎద్వానియా పట్టీ చుట్టింది. నూట నలభై.

ఆయన చాటుగా బిళ్ళ వేసుకుంటున్నాడు, ఆ మాట ఆయన ముందు ఎత్తకు, సిగ్గుపడి మానేస్తాడు అని ఇజాల్తీనా ముందే చెప్పి ఉంచింది. అందుకని ఎద్వానియా నవ్వి ఊరుకుంది. ఇద్దరాడవాళ్ళూ నవ్వుకున్నది తన బీపీ చూసే అనుకున్నాడు ఒరొజీంబో.

ఇక ఆయన నోట్లో నువ్వుగింజ నానలేదు. చర్చి మెట్ల మీద చెప్పాడు, కొట్టు దగ్గర చెప్పాడు, గుర్రానికి నాడా కొట్టేవాడికి రెండుసార్లు చెప్పాడు. "డాక్టర్లకి చేతకానిది మా ఇజాల్తీనా కాయ చేసింది. నా రక్తం ఇప్పుడు పదహారేళ్ళవాడి రక్తం." ఆ మాట విని ఇజాల్తీనా తల వంచుకుని కాయలు ఏరుతూ కూర్చునేది. లోపల మాత్రం సంతోషంగానే ఉండేది. తెల్లారి లేచి ఆయన ఈల వేసుకుంటూ కొట్టంలోకి పోతుంటే ఆ ఈల కోసం ఇంకో వంద గొట్టాలైనా నింపుదామనిపించేది.

కొందరు వినీ విననట్టు పోయేవారు గానీ, జెరొనీల్దో అలా పోయే మనిషి కాదు. ముప్పై ఏళ్ళ కిందట జూన్ పండగ మంట దగ్గర, ఊరంతా చూస్తుండగా, అక్కడి ఆచారం ప్రకారం, ఒరొజీంబో, ఆయనా చెయ్యీ చెయ్యీ పట్టుకుని మూడుసార్లు నిప్పు దాటి బావలయ్యారు. రక్తం పంచుకు పుట్టిన వాళ్ళు తగువులాడి విడిపోతారేమో గానీ, మంట దాటిన బావలు విడిపోరు, ఒకరితో ఒకరు అబద్ధమాడరు. జెరొనీల్దోకీ బీపీ ఉంది. ఆయన బుద్ధిగా బిళ్ళ వేసుకునేవాడు, ఒరొజీంబో గొప్పలు వినేదాకా.

మే చివర్లో ఆయన భార్య బెన్విందా వచ్చింది.

"వదినా, చెంబుడు నీళ్ళకి ఎన్ని ఫావా కాయలు వెయ్యాలి?"

ఇజాల్తీనా చేతిలో కాయ ఆగిపోయింది. "ఎందుకు?"

"ఎందుకేంటి? మీ ఆయనకిచ్చారు కంపెనీ గొట్టాలు, మా ఆయనకెవరిస్తారు? కళ్ళం నిండా కాయ ఆరబోసుకుని, కొట్టు గొట్టాల కోసం ఏడవడమేంటి అంటున్నాడు."

"ఏమ్మా, నీకు మతిపోయిందా? చూలు ఆవు ఆ కాయ నమిలితే చూలు పోతుందని ముళ్ళకంప అడ్డం పెట్టుకుంటాం కదా!"

"ఆవుకి చూలుంది. మా ఆయనకేముంది, పొట్ట తప్ప? అంత సత్తువ ఉన్న కాయ కాబట్టే కదా కంపెనీ కొంటోంది."

నిజం చెప్పేస్తే ఆ క్షణంలో అయిపోయేది. చెబితే సాయంత్రానికల్లా బావ చెవిన పడుతుంది, బావ చెవి నుంచి మొగుడి చెవికి. మొగుడు ఇక తన చేతి నుంచి ఏదీ తీసుకోడు, నూట తొంభై మళ్ళీ ఇంట్లోకి వస్తుంది. ఇజాల్తీనా కుడితిలో పడ్డ ఎలుకలా అటూ ఇటూ కొట్టుకుని, "కాయ వేరు, ఫాక్టరీలో తీసేది వేరు. కాచొద్దు. బిళ్ళ మానొద్దను," అని మాత్రం అంది.

బెన్విందా మూతి ముడుచుకుంది. "కిటుకు చెప్పడానికి అంత పిసినారితనమెందుకు వదినా, మేమేమన్నా నీ మిట్టకి పోటీ వస్తామా," అని వెళ్ళిపోయింది.

పన్నెండు రోజుల తర్వాత ఒక ఉదయం జెరొనీల్దో కళ్ళంలో కాయలు తిరగేస్తూ తిరగేస్తూ పక్కకి ఒరిగాడు. మూతి ఒక పక్కకి వంకరపోయింది, కుడి చెయ్యి పట్టు తప్పింది. కొట్టు వాళ్ళ వ్యానులో పడుకోబెట్టి పట్నం తీసుకెళ్ళారు. ఒరొజీంబో వెంట వెళ్ళి, మధ్యాహ్నానికి తిరిగొచ్చి గడప మీద కూలబడ్డాడు.

"టైముకి తెచ్చారు, బతుకుతాడన్నారు. అదేంటే, నాకు పనిచేసింది వాడికెందుకు పనిచెయ్యలేదు? నీ కాయ కాదు కదా, వాడు ఏరుకున్న కాయ. పచ్చిదో పండిందో చూసుకోకుండా కాచుకుని ఉంటాడు. రేపట్నించి వాడికి నువ్వే ఏరి పంపు."

ఆ సాయంత్రం ఎద్వానియా వచ్చి ఇంకో కబురు చెప్పింది. ఊళ్ళో ఇంకో ఏడిళ్ళల్లో పొయ్యి మీద ఫావా కుండ ఉంది, బిళ్ళలు అటక మీద ఉన్నాయి. "ఎంత చెప్పినా వినట్లేదు పెద్దమ్మా. ఒరొజీంబోని చూడు అంటున్నారు. పెదనాన్న బిళ్ళ వేసుకుంటున్నాడని చెప్పెయ్యనా?"

"వద్దు," అంది ఇజాల్తీనా. "నేను చెబుతా."

అన్నాక ఆవిడ గుండె కుదుటపడింది. ఆవిడ తీరే అంత. ఎటు విరవాలో తెలిసేదాకానే తటపటాయింపు, తెలిశాక వేలు వణకదు.

మర్నాడు కంపెనీ లారీ వచ్చే రోజు. ఊళ్ళో ఏరేవాళ్ళంతా సంచులతో కాటా దగ్గర చేరారు. ఒరొజీంబో సంచుల మూతులు కడుతున్నాడు. ఇజాల్తీనా కాటా బల్ల మీదికెక్కి నిలబడింది. క్లౌదెమీర్ ముల్లు చూసి, "మీరూ లారీ ఎక్కుతారా అమ్మా?" అన్నాడు. కొందరు నవ్వారు.

"నవ్వడం అయ్యాక వినండి," అంది ఆవిడ. "మా ఆయన బీపీ దిగింది ఫావాతో కాదు. గొట్టాలు విప్పి, గవర్నమెంటు బిళ్ళలు నూరి నేనే పోశాను. నలభై అయిదు గొట్టాలు. ఆయనకి తెలీదు. ఆయన మీకు చెప్పింది తను నమ్మిందే. బెన్విందా నన్నడిగిన రోజున నేను నోరు మూసుకున్నాను. జెరొనీల్దో మంచాన పడ్డాడంటే అది నా వల్ల. ఇళ్ళకెళ్ళి కుండలు బోర్లించండి. అటక మీద బిళ్ళలు దించండి."

వెనక నుంచి ఒక ముసలాయన గొణిగాడు. "అయితే ఇన్నేళ్ళూ మనం ఏరింది ఉత్త కాయేనన్నమాట."

"ఉత్త కాయైతే ఈ కంపెనీ అబ్బాయి ఇంత దుమ్ములో పడి ఎందుకొస్తాడు? నాగలి మంచిదే, దాంతో గడ్డం గీసుకుంటామా? కొంచెం మేలు చేసేది కొంచెమే చేస్తుంది. దాని నెత్తిన మన ప్రాణాలు పెట్టకండి."

మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ మొగుడి వంక చూడలేదు. దిగాక చూసింది. ఒరొజీంబో చేతిలో ఉన్న సంచి మూతిని ఎప్పటికన్నా జాగ్రత్తగా కట్టి, లారీ పక్కన నిలబెట్టి, టోపీ పెట్టుకుని నడిచి వెళ్ళిపోయాడు. గుర్రాన్ని కట్టేసిన చోటే మర్చిపోయాడు. ఆవిడే తోలుకొచ్చింది.

మూడు రోజులు ఇంట్లో మాటల్లేవు. ఆయన కాఫీ ఆయనే కాచుకున్నాడు, తినడానికి తనే ఏదో కెలుక్కున్నాడు. ఇజాల్తీనా బిళ్ళల అట్ట బల్ల మధ్యలో, కళ్ళకి కనబడేలా పెట్టింది. ఇక దాచడం లేదు, బతిమాలడం లేదు. ఆయన దాన్ని ముట్టుకోలేదు. మూడో రోజు ఎద్వానియా చూస్తే నూట డెబ్భై ఎనిమిది. ఆ అంకె విన్నప్పుడు ఇజాల్తీనాకి నిజంగా భయమేసింది. ఊరి ప్రాణాలు కాపాడి ఇంటి ప్రాణం పోగొట్టుకుంటానేమో అని పెరట్లోకెళ్ళి ఏడ్చింది. ఏడుస్తూ కూడా, మళ్ళీ ఆ కాటా ఎక్కాల్సొస్తే ఎక్కుతాననే అనుకుంది.

ఆ వారాంతంలో జెరొనీల్దో ఇంటికొచ్చాడు. సాయంత్రం బెన్విందా గుమ్మంలో నిలబడింది.

"వదినా, పట్నం డాక్టరిచ్చిన బిళ్ళ ఆయన వెయ్యనంటున్నాడు. అంతా నీ కట్టుకథ అంటున్నాడు. కిటుకు మాకు దక్కకూడదని అలా చెప్పావంట. బావ నాతో అబద్ధమాడడు, బావ ఫావా అన్నాడంటే ఫావాయే అంటున్నాడు."

లోపల స్టూలు జరిగిన చప్పుడైంది. ఒరొజీంబో వచ్చి, బల్ల మీది అట్ట తీసి జేబులో పెట్టుకుని, బయల్దేరాడు. బెన్విందా ఆయన వెంట పరిగెత్తింది. ఇజాల్తీనా పది అడుగుల వెనక నడిచింది.

జెరొనీల్దో మంచం మీద దిండుకి ఆనుకుని ఉన్నాడు. మాట ముద్దముద్దగా వస్తోంది.

"చెప్పు బావా. గొట్టంలో ఏముంది?"

"నా పెళ్ళాం చెప్పిందే ఉంది. బిళ్ళ."

"నీకు తెలుసా?"

"తెలిస్తే నీకు చెప్పనా? తెలీకుండానే ఊరంతా డప్పు కొట్టాను. నా డప్పు విని నువ్వు పడ్డావు." ఒరొజీంబో మంచం అంచున కూర్చున్నాడు. "వెర్రినాయాల్ని బావా. నన్ను చూసి కాయ తాగావు కదా, ఇప్పుడు నన్ను చూసి ఇది మింగు."

అట్టలోంచి ఒక బిళ్ళ నొక్కి తీసి నాలిక మీద పెట్టుకున్నాడు. నీళ్ళు అడగలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, మొహం వికారంగా పెట్టి మింగాడు. చిన్నపిల్లాడిలా నోరు బార్లా తెరిచి, నాలిక పైకెత్తి, బావకి చూపించాడు. బెన్విందా డాక్టరిచ్చిన బిళ్ళ తెచ్చింది. జెరొనీల్దో ఎడం చేత్తో నోట్లో వేసుకుని నీళ్ళు తాగాడు. వంకర పెదవి పక్కనుంచి నీళ్ళు కారితే ఒరొజీంబో తన చొక్కా చేతితో తుడిచాడు. తుడిచి, "నోరు చూపించు," అన్నాడు. జెరొనీల్దో చూపించాడు.

ఇజాల్తీనా గుమ్మంలో నిలబడి ఇద్దరి నోళ్ళూ చూసింది. ఆవిడ గుండె మీంచి పెద్ద బరువు దిగింది.

తిరిగి వస్తుంటే పొద్దు వాలుతోంది. ఆయన ముందు, ఆవిడ వెనక. సగం దారిలో ఆయన తల తిప్పకుండా అన్నాడు.

"రేపట్నించి నా బిళ్ళ నేనే వేసుకుంటా. నీ చేతి నుంచి ఏదీ వద్దు."

ఆ మాట ఆవిడకి కత్తిలా దిగింది. అయినా తట్టుకుంది. కొని తెచ్చుకున్నది ఆవిడే కదా.

"కాఫీ కూడానా?"

ఆయన చాలాసేపు నడిచాడు. "కాఫీ సంగతి చూద్దాం."

ఎత్తు దారి వచ్చింది. ఒరొజీంబో ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. ఆవిడ కూడా అక్కడే, పది అడుగుల వెనకే ఆగింది. ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

"అంత వెనకెందుకే నడుస్తావు? నేను పడితే ఎవరు పట్టుకుంటారు?"

ఆవిడ గబగబా వెళ్ళి ఆయన పక్కన నడిచింది.